రాయి కట్టొద్దు, బెల్మీరో

ఈని పద్దెనిమిది గంటలు.
తోక కింద ఇంకా వేలాడుతూనే ఉంది మాయ,
తడిసిన గోనెపట్టాలా.
పొద్దున ముదురెరుపు, ఇప్పుడు బూడిద.
మా సావో జోర్జ్ దీవిలో దీన్ని
"ఆవు ఇంకా కడుక్కోలేదు" అంటారు,
అదేదో దాని బద్ధకమైనట్టు.

పొగమంచు కొండ దిగి
నల్లరాతి గోడల్ని ఒక్కొక్కటే మింగుతోంది.
ఎదుట పీకు దీవి లేదు. సముద్రం లేదు.
నేనూ, మసిమొహం ఫర్రుస్కా,
దాని పొదుగు కింద తల పొడుస్తూ ఒక పెయ్య.
రెండో పెయ్య కళ్ళు తెరవలేదు.
అది పాక వెనక, సంచి కింద.

గోడ దూకి వచ్చాడు మరిది,
ఒక చేతిలో తాడు, ఒక చేతిలో కిలో బరువు రాయి.
"కట్టేద్దాం, దెవొలింద, రాత్రికల్లా అదే జారుతుంది.
మా నాన్న ఎప్పుడూ ఇలాగే..."
మీ నాన్న రాయి కట్టిన ఆవుల్లో
మళ్ళీ చూలు నిలిచినవెన్నో
ఎప్పుడైనా లెక్కపెట్టావా, బెల్మీరో?

నాకు లెక్క ఒక్కటే తెలుసు.
పంతొమ్మిదేళ్ళప్పుడు, నా చెయ్యి సన్నమని
మా పెద్దమ్మ భుజందాకా నూనె రాసి లోపలికి పంపింది.
గర్భం మాయను గుండీలు పెట్టి పట్టుకుంటుంది.
వెచ్చటి చీకట్లో వేళ్ళతో
ఒకటి విప్పాను, రెండు, పది.
పదకొండోది విడలేదు.
లాగాను.
వచ్చింది. దాంతోపాటు రాకూడనిదీ వచ్చింది,
మోచేతి మీదుగా ధారగా.
నాలుగో రోజు ఇద్దరు మనుషులు, ఒక గుర్రం
దాన్ని వాలు కిందికి ఈడ్చుకుపోయారు.
నన్నెవరూ ఒక్క మాటా అనలేదు.
అంటే బావుండేది.

ఫోన్లో డాక్టరమ్మ గొంతు:
"లాగకండి. మోకాలు దాటి వేలాడేది కత్తిరించండి.
పూటపూటా జ్వరం చూడండి.
ముప్పైతొమ్మిదిన్నర దాటినా, మేత ముట్టకపోయినా
అర్ధరాత్రైనా పిలవండి."
అప్పటిదాకా?
"అప్పటిదాకా ఏమీ చెయ్యకండి."

ఏమీ చెయ్యకపోవడానికి ఎంత పనో!
కత్తెర ఉడకబెట్టాను. గడ్డి మార్చాను, మళ్ళీ మార్చాను.
థర్మామీటరుకు దారం కట్టి, క్లిప్పుతో తోకకు తగిలించి
గోడమీద బొగ్గుతో రాశాను:
ముప్పైఎనిమిది తొమ్మిది.
ముప్పైతొమ్మిది ఒకటి.
మూడో రోజుకు వాసన నా జుట్టులోకి ఎక్కింది.
ఆదివారం చర్చిలో నా బల్ల నాకొక్కదానికే.
అందరూ మోకరిల్లి ఏం అడిగారో గాని
నేను మాత్రం దశాంశాలు వల్లించుకున్నాను.

నాలుగో రాత్రి ముప్పైతొమ్మిది నాలుగు.
లాంతరు పట్టుకుని దాని చెవులు తడుముతూ
ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.
తెల్లారి ఒక గీత దిగింది.
ఫర్రుస్కా నా చొక్కా అంచు నమిలింది.

ఆరో రోజు గాలికి కూలిన గోడ
ఎత్తుతున్నాం, నేనూ బెల్మీరో.
గండిలో ఒక రాయి చాలలేదు.
అటూ ఇటూ చూసి, తాడు విప్పి
తను తెచ్చిన రాయే పెట్టాడు. సరిగ్గా పట్టింది.
అప్పుడే వెనక చప్పుడు,
తడి దుప్పటి బండమీద పడ్డట్టు.

కుక్కను అదిలించి, పారతో విప్పి పరిచి చూశాను.
చిరుగు లేదు, కొరత లేదు,
కోటుకు రెండు చేతులున్నట్టు నిండుగా ఉంది.
సున్నం చల్లి, కళ్ళు తెరవనిదాని పక్కనే పాతాం.

బెల్మీరో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.
ఫర్రుస్కా వెనక్కి తిరిగైనా చూడలేదు,
తడిగడ్డి పరపరా పీకుతోంది.

ఆరు రోజులుగా పనిలేనప్పుడల్లా
కుడిచెయ్యి జేబులోనే దాచాను.
ఇప్పుడు తీసి చూసుకున్నాను.
ముడతలు, బొగ్గు, గోళ్ళలో సున్నం.
పొడిగా ఉంది.